పాత పికప్ బండికి మౌంటింగు రబ్బర్లు మార్చుకొనుట

నీళ్లబిందె నెత్తిన పెట్టుకొను స్త్రీ ముందుగా తలపై చుట్టకుదురు వేసికొనును. కుదురు లేకున్నను బిందె నిలుచును. కాని ప్రతి అడుగునకు అదురు తలకు తగులును, బిందె అడుగు సొట్టపడును, తుదకు రెండింటికిని చేటు కలుగును. మోటారు బండిలో అట్టి కుదురు పని చేయునవి మౌంటింగు రబ్బర్లు.

పంట మార్కెట్టునకు, ఎరువు చేనికి, రొయ్య ఐసు ఫ్యాక్టరీకి చేర్చుటకు నేడు మన రైతులలో పెక్కుమంది పికప్ బండ్ల మీదనే ఆధారపడి యున్నారు. అందులో చాలవరకు చేతులు మారిన పాతబండ్లే. వ్యవసాయ పత్రికలో మోటారు బండి సంగతి ఏమని కొందరికి తోచవచ్చును. ఎడ్లబండికి కందెన పెట్టుట, కాడి సరిచూచుట సేద్యములో భాగమైనప్పుడు ఇదియు భాగమే.

మహీంద్రా బొలెరో పికప్, పాత టాటా 207 వంటి బండ్లకు అడుగున నిచ్చెనవలె రెండు పొడవాటి ఉక్కు దూలములు, వాటి నడుమ అడ్డదూలములు ఉండును. దీనినే ఛాసిస్ అందురు. ఇంజను, గేరుపెట్టె, కమాను పట్టీలు, ఇరుసులు ఛాసిస్‌ను పట్టుకొని యుండును. డ్రైవరు కూర్చుండు క్యాబిను వేరొక పెట్టె. ఈ పెట్టెను ఛాసిస్‌కు ప్రక్కగా నున్న ఇనుప చెవులపై కూర్చుండబెట్టి బోల్టులతో బిగింతురు. ఇనుమునకు ఇనుము తగులకుండ నడుమ రబ్బరు దిండ్లు ఉంచుదురు. మోడలును బట్టి నాలుగు మొదలు ఎనిమిది చోట్ల ఇట్టి అమరిక ఉండును. వెనుక సామాను తొట్టిని కొన్ని బండ్లలో నేరుగా ఛాసిస్‌కే బిగింతురు; కొన్నింటిలో చెక్క లేక రబ్బరు పట్టీ వేయుదురు. ఇచ్చట ముఖ్యముగా చెప్పబోవునది క్యాబిను సంగతి.

ఒక్కొక్క చోట పైన ఒక దిండు, చెవికి దిగువన మరియొక దిండు, వాటి నడుమ నుండి పోవు ఇనుప గొట్టము, పెద్ద వాషర్లు, పొడవాటి బోల్టు ఉండును. గొట్టమును చాలమంది లెక్కచేయరు. బోల్టు ఎంత బిగించినను రబ్బరు కొంతమేరకే నలిగి, ఆపై వాషరు గొట్టమునకు ఆనుకొని నిలిచిపోవుటకే దానిని పెట్టినారు. గొట్టము తుప్పుతిని పొట్టిదైనచో, లేక మేస్త్రీ దానిని పారవేసినచో, బిగించిన కొలది రబ్బరు పచ్చడియగును.

ఉపేక్షించినచో ఏమగును

ఈ పనిని కుదుపు తగ్గించుకొను సుఖము కొరకు చేయు పనిగా తలచుట సరికాదు. స్టీరింగు చక్రము, బ్రేకు పెడలు, క్లచ్చి పెడలు క్యాబినులో ఉండును. వాటి మాట వినవలసిన స్టీరింగు పెట్టె, గేరుపెట్టె ఛాసిస్‌పై ఉండును. క్యాబిను ఒక అంగుళము జారినచో ఈ రెండింటి మధ్య పొందిక చెడును. స్టీరింగు కడ్డీ రేకుకు ఒరయును, గేరు సరిగా పడదు, చేతిబ్రేకు తీగ వదులగును, బ్రేకు గొట్టములు ఒరసికొని అరుగును. నిండుబరువుతో పోవుచు గట్టిగా బ్రేకు వేసినప్పుడు, లేక బండి దేనినైనను ఢీకొన్నప్పుడు, తుప్పుపట్టిన చెవుల నుండి క్యాబిను ఊడి ముందుకు కదలవచ్చును. లోపల నున్న మనుషుల ప్రాణములు ఆ నాలుగైదు బోల్టులపై ఆధారపడి యుండును.

తెగులు రబ్బరులో కాదు, దాని అడుగున

రబ్బరు ఎండకు, వయస్సుకు గట్టిపడి చీలును. డీజిలు, ఇంజను ఆయిలు తగిలిన ఉబ్బి మెత్తబడును. ఇది సహజము. కాని నేను చూచిన పాతబండ్లలో రబ్బరు కంటె ముందుగా చెడినది అది కూర్చుండిన ఇనుమే. దీనికి కారణము తెలిసికొనుట మంచిది.

దిండుకు, చెవికి నడుమ సన్నని సందు ఉండును. అందులో చేరిన తడి, బురద సులభముగా ఆరవు. సందు లోపల గాలి తక్కువ, వెలుపల గాలి ఎక్కువ. తడిసిన ఇనుముపై ఈ తేడా చిన్న బ్యాటరీవలె పనిచేయును. గాలి తక్కువగా నున్న లోపలి భాగమే తరిగిపోవును. అందుచే పైకి రంగు చక్కగా కనబడుచున్నను లోపల రేకు కాగితమువలె అగును. తుప్పు తానెక్కిన ఇనుము కంటె అనేక రెట్లు చోటు ఆక్రమించును గనుక అది రేకులను ఎడముచేసి, బోల్టును గొట్టములో బిగించివేయును.

దీనికి ఉప్పు తోడైనచో చెప్పవలసిన పని లేదు. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు ఉండును. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చిన పిమ్మట కోస్తా జిల్లాలలో రొయ్యల రవాణా విస్తరించినది. భీమవరము, కైకలూరు ప్రాంతములలో రొయ్య, చేప పెట్టెలు మోయు పికప్ బండ్లను ఒకసారి వంగి చూడుడు. కరగిన ఐసు నీరు తొట్టి ముందు అంచు మీదుగా జారి, సరిగా క్యాబిను వెనుక చెవులపై పడుచుండును. అందుకే వాటి వెనుక జత మౌంటింగులు ముందు జత కంటె త్వరగా పోవును.

మెట్టప్రాంతపు రైతు తనకు ఉప్పు బాధ లేదని అనుకొనరాదు. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ కూడ ఒక క్లోరైడే. ఇనుముపై దాని పని ఉప్పు పని వంటిదే. యూరియా, వంట ఉప్పు రెండును గాలిలో తేమ సుమారు 75 శాతము దాటినప్పుడు ఆ తేమను పీల్చి చెమ్మగిల్లును. వానకారులో అంతకు మించిన తేమ సామాన్యము. చిరిగిన ఎరువు బస్తా నుండి తొట్టి సందులోనికి జారిన గుప్పెడు పలుకులు అచ్చటనే తడిసి, ఆరి, మరల తడియుచు ఋతువంతయు పనిచేయుచుండును.

వరదనీరు వేరొక విధముగా చెరచును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో బండ్లు నీట మునిగినవి. మంచినీరైనను అది తెచ్చిన ఒండ్రు ఛాసిస్ దూలముల లోపల, చెవుల మూలలలో నిలిచిపోవును. మునిగి తేలిన బండిని చవుకగా కొనువారు ఇంజను శబ్దము వినుటతో తృప్తిపడక, ఒక ఇనుప తీగతో ఛాసిస్ రంధ్రములను కెలికి చూడవలెను. ఎండిన ఒండ్రు రాలినచో మౌంటింగులను తప్పక పరీక్షింపవలెను.

గుర్తుపట్టుట

బండిని చదునైన చోట నిలిపి నాలుగడుగులు దూరము నుండి చూడుడు. క్యాబినుకు, తొట్టికి నడుమ సందు పైన ఒక కొలత, క్రింద ఒక కొలత ఉన్నచో క్యాబిను ఒరిగినదన్నమాట. తలుపు ఎత్తి వేయవలసి వచ్చుట, గతుకులో ‘ఠక్కు’మను చప్పుడు, బ్రేకు వేసినప్పుడు కాళ్ల క్రింద నేల కదలినట్లు తోచుట, గేరు కడ్డీ అతిగా వణకుట, ఇవన్నియు లక్షణములే. ఐతే కమాను బుష్‌లు అరిగినను ఇట్టి చప్పుళ్లే వచ్చును గనుక చెవితో తీర్పు చెప్పరాదు.

అడుగుభాగము కడిగి ఆరిన పిమ్మట, క్యాబినుకు ఛాసిస్‌కు నడుమ గునపము వంటి కడ్డీ పెట్టి మెల్లగా పైకి ఎత్తుడు. మంచి రబ్బరు కొద్దిగా సాగి నిలుచును. చెడినది ఎదురు చెప్పక లేచును, లేక బోల్టు తల రేకులో నుండి కదలును. తరువాత చెవులను, చెవికి ఎదురుగా నున్న క్యాబిను అడుగురేకును చిన్న సుత్తితో కొట్టి వినుడు. గట్టి ఇనుము మ్రోగును, తినిపోయినది బొదబొదలాడును. అనుమానమున్న చోట పాత స్క్రూడ్రైవరుతో పొడిచి చూచుటకు సంకోచింపరాదు. ఈ రోజు స్క్రూడ్రైవరుకు లొంగిన రేకు రేపు గతుకుకు నిలువదు.

ఛాసిస్ ముఖ్య దూలమే చిల్లులు పడినచో రబ్బర్ల కొరకు రూపాయి ఖర్చు చేయవద్దు. ముందు ఆ దూలము బాగుపడునా లేదా అని అనుభవజ్ఞునిచే చూపించి, కాదన్నచో బండిని వదలుకొనుటయే మేలు. చెవి మాత్రమే చెడినచో క్రొత్త చెవి వేయించవచ్చును.

సామగ్రి కొనుట

విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల దాదాపు అన్ని మోడళ్లకు మౌంటింగు సెట్లు దొరకును. పాత రబ్బరును చేత పట్టుకొని పోయి ఎత్తు, వెడల్పు, రంధ్రము కొలిచి చూచుకొని కొనవలెను. ముందు జతకు, వెనుక జతకు ఎత్తు వేరుగా ఉండవచ్చును. గొట్టములు, వాషర్లు సెట్టులో ఉన్నవో లేవో అడుగుడు. అన్నియు ఒకేసారి మార్చుట ఉత్తమము. చేతిలో సొమ్ము చాలనివారు కనీసము కుడి ఎడమలు జతగా మార్చవలెను. ఒక్కదానినే మార్చినచో క్యాబిను మెలితిరిగి భారమంతయు ఆ క్రొత్తదానిపైననే పడును.

పాత లారీ టైరు ముక్కలు కోసి దిండ్లుగా పెట్టు అలవాటు పలుచోట్ల కలదు. టైరులో నూలు లేక ఉక్కు తీగల పొరలుండును. అది దిండువలె నలుగదు, ఎత్తు సమానముగా రాదు, గొట్టమునకు చోటుండదు. సంతకు పోవుచు దారిలో తెగినప్పుడు ఇల్లు చేరుటకు అది పనికివచ్చును, అంతే. అంతకంటె హానికరమైనది రబ్బరు తీసివేసి క్యాబినును ఛాసిస్‌కు వెల్డింగు చేయించుట. బరువుతో గతుకులలో పోవునప్పుడు ఛాసిస్ కొంత మెలితిరుగుట సహజము. క్యాబిను దానికి అంటుకొని యున్నచో ఆ మెలిక పలుచని రేకులకు పాకి, అద్దపు చట్రము మూలలు, తలుపు స్తంభములు చీలును. వెల్డింగు అంచున ఛాసిస్ కూడ పగులును. ఇది చవుక పని అని చెప్పు మేస్త్రీకి బండి ఇవ్వకుండుట మంచిది.

బోల్టు తలపై 8.8 లేక 10.9 అను అంకెలు చూచి, పాతదానిపై ఉన్న అంకెకు తగ్గకుండ కొనవలెను. మొదటి అంకెను 100తో హెచ్చించినచో చదరపు మిల్లీమీటరునకు అది ఓర్చు లాగుడు బలము సుమారుగా న్యూటనులలో వచ్చును. 4.6 గుర్తుగల సాదా బోల్టు 8.8 దానిలో సగము బలమునకే వచ్చుచున్నదని దీనిచే తెలియును. రొయ్యల ప్రాంతమువారు తుప్పు పట్టదని ఎస్.ఎస్. బోల్టులు కోరుదురు. అంగడిలో సాధారణముగా దొరకు ఎస్.ఎస్. బోల్టు 8.8 అంత బలమైనది కాదు, మరలు పట్టివేయు గుణము కూడ దానికున్నది. జింకు పూతగల తగిన బోల్టే మేలు.

పని చేయు క్రమము

రెండు మూడు రోజుల ముందు నుండి ప్రతి సాయంకాలము బోల్టుల మరలపై తుప్పు వదల్చు ఆయిలు పోయుచుండవలెను. క్రొత్త రబ్బరు పెట్టుటకు ముందు ఆ ఆయిలును శుభ్రముగా తుడిచివేయుట మరువరాదు.

బండిని ఖాళీచేసి, గట్టినేలపై నిలిపి, చక్రములకు అడ్డు పెట్టి, బ్యాటరీ నెగటివు తీగ తీయవలెను. విప్పుటకు ముందు నాలుగు మూలలలో క్యాబినుకు, ఛాసిస్‌కు గల ఎడము కొలిచి వ్రాసికొనుడు. పిమ్మట క్యాబిను లేచునప్పుడు ఏవేవి సాగునో ఒక్కొక్కటిగా చూడవలెను: స్టీరింగు ముడి, బ్రేకు గొట్టములు, క్లచ్చి తీగ లేక గొట్టము, రేడియేటరు గొట్టములు, చేతిబ్రేకు తీగ, గేరు కడ్డీ తొడుగు, ఎర్తు పట్టీ. అవసరమైన వాటిని వదులు చేయుడు లేక విప్పుడు. స్టీరింగు ముడి విప్పవలసి వచ్చినచో ముందుగా రెండు ముక్కలపైన ఒకే గీత గీసి, చక్రము తిరుగకుండ కట్టివేయవలెను.

ఒక ప్రక్క బోల్టులన్నియు తీసివేయుడు. రెండవ ప్రక్క బోల్టులను వదులు చేయవలెనే గాని తీయరాదు. క్యాబినును తన చోట నిలుపునవి అవే. జాకీని క్యాబిను అడుగున పలుచని నేలరేకుకు కాక, మౌంటింగు దాపున నున్న గట్టి అడ్డపట్టీకి, నడుమ మందమైన చెక్క వేసి పెట్టవలెను. పాత రబ్బరు వెలుపలికి వచ్చునంత మాత్రమే, అర అంగుళము చొప్పున లేపుచు, ప్రతిసారి ఆగి గొట్టములు, తీగలు చూచుకొనవలెను. లేచిన వెంటనే క్యాబినుకు, ఛాసిస్‌కు నడుమ గట్టి చెక్కదిమ్మలు పెట్టుడు. దిమ్మలు లేక జాకీనే నమ్మి సందులో వ్రేళ్లు పెట్టరాదు. జాకీ జారినచో చేయి తీసికొనుటకు వ్యవధి ఉండదు.

బోల్టు కదలక మొరాయించుట మామూలే. ఎదురు లేకుండ ఊరక గిరగిర తిరుగుచున్నచో క్యాబిను రేకు పెట్టెలో బంధించిన నట్టు ఊడినదని గ్రహింపవలెను. అప్పుడు లోపల చాప ఎత్తి, నట్టు పైభాగమున రేకును మూడు ప్రక్కల కోసి మూతవలె మడచి, నట్టును పానాతో పట్టి విప్పవలెను. క్రొత్త నట్టును మందపు ప్లేటుపై అతికించి అచ్చట పెట్టి, మూతను మరల మూసి, అతుకు చేసి, నీరు దిగకుండ సీలరు పూయవలెను. బోల్టు గొట్టములో పట్టివేసినదైనచో హ్యాక్సా బ్లేడుతో రబ్బరు మీదుగా కోయుట ఆలస్యమైనను క్షేమము. గ్యాసు మంట పెట్టువారు డీజిలు గొట్టము, బ్రేకు గొట్టము, తీగలు, లోపలి చాప తొలగించి, రెండవ మనిషిని నీళ్లతోను, మంటలార్పు సిలిండరుతోను దగ్గర నిలుపవలెను. రబ్బరు అంటుకొన్నచో మంట, దట్టమైన పొగ ఒక్కసారిగా లేచును.

రబ్బర్లు తీసిన తరువాత చేయు పని మీదనే మరమ్మతు మన్నిక ఆధారపడును. చెవిని, క్యాబిను అడుగును వైరు బ్రష్షుతో తెల్లని ఇనుము కనబడువరకు గీకవలెను. పలుచబడిన రేకుపై మరియొక రేకు కప్పి అతికించుట వలన ప్రయోజనము లేదు. రెండు రేకుల నడుమ మరల అట్టి సందే ఏర్పడును. చెడినంత మేర కోసివేసి, గట్టి ఇనుము తగిలిన చోట నుండి సమానమైన మందముగల రేకు పెట్టి టింకరింగు మేస్త్రీచే అతికింపవలెను. అతికించునప్పుడు బ్యాటరీ తీగలు రెండును తీసి, వెల్డింగు ఎర్తు క్లిప్పును అతుకు దగ్గరనే పెట్టించుడు. చల్లారిన పిమ్మట జింకు ప్రైమరు రెండు పూతలు, దానిపై రంగు పూసి, పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు రబ్బరు పెట్టవలెను. సాయంత్రమునకే బండి కావలెనని తొందరపడి తడిరంగుపై రబ్బరు బిగించినచో చేసినదంతయు పోవును.

క్రొత్త దిండ్లు లోనికి పోవుటకు సబ్బునీరు చాలును. గ్రీజు, ఆయిలు పూయరాదు. అన్ని బోల్టులను చేతితో పట్టించి, క్యాబినును దించి, రెండవ ప్రక్క కూడ ఇదేరీతిగా ముగించి, ఆ తరువాతనే మార్చి మార్చి బిగింపవలెను. బిగింపు కొలత బండి పుస్తకములో ఉండును. టార్కు రెంచి గల షెడ్డులో ఆ కొలతకు బిగింపించుడు. ముందు వ్రాసికొన్న ఎడములతో పోల్చి చూచినచో క్యాబిను కొంత ఎత్తుగాను, రెండు ప్రక్కల సమానముగాను రావలెను. ఇంజను వేయకముందు ఫ్యాను రెక్కను చేతితో త్రిప్పి రేడియేటరు తొడుగుకు తగులుట లేదని, స్టీరింగును ఆ చివర నుండి ఈ చివరకు త్రిప్పి ఎక్కడను ఒరయుట లేదని, బ్రేకు పెడలు గట్టిగా ఉన్నదని చూచుకొనవలెను. విప్పిన బ్రేకు గొట్టమున్నచో గాలి తీయక బండి కదల్పరాదు.

తరువాత

ఉప్పుసరకు మోసిన ప్రతిసారి అదే రాత్రి మంచినీటితో బండి అడుగుభాగమును, ముఖ్యముగా క్యాబినుకు తొట్టికి నడుమ సందును కడుగవలెను. అద్దములు, బంపరు మెరిపించి అడుగు విడిచిపెట్టువారే ఎక్కువ. తొట్టి ముందు అంచున రెండంగుళముల కట్టవంటి రేకు అతికించి, ఐసు నీరు వెనుక చక్రముల ఆవలకు పోవునట్లు గొట్టము పెట్టించినచో వెనుక మౌంటింగులకు ఆ బాధ చాలవరకు తప్పును. ఎరువు వేయునప్పుడు తొట్టిలో పట్టా పరచుడు. ఛాసిస్ రంధ్రములను వానకారుకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి తీగతో కెలికి శుభ్రము చేయుడు.

వాడిన ఇంజను ఆయిలు అడుగున పూయుట మన ప్రాంతములో పాత ఆచారము. ఇనుమునకు కొంత రక్షణ కలుగునేమో గాని అది రబ్బరును ఉబ్బించి చెరచును, కళ్లము మీదను చేలలోను కారి నేలను పాడుచేయును. దానికి బదులు దూలముల లోపలికి మైనపు పూత కొట్టించుట మంచిది.

బిగించిన పదునైదు రోజులకు, లేక 500 కిలోమీటర్లు తిరిగిన పిమ్మట, రబ్బరు సర్దుకొని బోల్టులు కొంత వదులగును. అప్పుడు మరల ఒకసారి కొలతకు బిగించి, నట్టు మీదుగా వాషరు వరకు తెల్లరంగుతో ఒక గీత గీయుడు. ఆ మీద ఎప్పుడు వంగి చూచినను, గీత రెండుగా విడిపోయి కనబడినచో ఆ నట్టు కదలినదని తెలిసికొనవచ్చును.